అడుగు లేని తట్ట

ఒక పెద్ద అడవిలో, అడవికి తగ్గట్టే, ఒక పెద్ద జైలు ఉండేది. అందులో వీరాస్వామి అనే ముళ్ళపంది ఖైదీగా ఉండేవాడు. కుందేళ్ళ చేలో చిలగడదుంపలు తవ్వుకు తిన్నందుకు అతనికి శిక్ష పడింది. ఇంటి దగ్గర భార్య నాంచారమ్మ, ముళ్ళింకా మెత్తగా ఉన్న పసిపిల్లలు.

ఆ ఏడు సింహంగారి ప్రభుత్వానికి ఖైదీల మీద దయ పుట్టింది. బయటికెళ్ళాక మళ్ళీ దొంగతనాలకు పోకుండా బతకాలంటే చేతిలో పని ఉండాలంటూ, జైల్లో తట్టలల్లడం నేర్పించడానికి నిధులు మంజూరు చేసింది.

జైలరు ఎలుగుబంటి భీమారావు ఆ నిధులతో ముందు శిక్షణ కేంద్రానికి గుమ్మం కట్టించాడు. తర్వాత గుమ్మానికి తోరణాలు కట్టించాడు. ప్రారంభోత్సవానికి తేనె తెప్పించి, అతిథులు రావడం ఆలస్యమైతే తనే తాగేశాడు. మిగిలినదాంతో కాసిని వెదురుబద్దలొచ్చాయి. నేర్పడానికి గిజిగాడు మాస్టారొచ్చాడు.

తోడేళ్ళు బద్దలు కొరికి ఊసేశాయి. ఏనుగు తను అల్లిన తట్ట ఎలా ఉందో చూద్దామని దానిమీదే కూర్చుంటే అది చాపైంది. వీరాస్వామి ఒక్కడే మనసుపెట్టి నేర్చుకున్నాడు. పిల్లలు గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో వరస అల్లేవాడు. బయటికొచ్చాక సంతలో తట్టలమ్ముకుని బతుకుదామని, చూడ్డానికొచ్చిన నాంచారమ్మతో చెప్పాడు.

శిక్ష ముగిసింది. మూట కట్టుకుని గేటు దగ్గరికెళితే భీమారావు ఆపాడు.

"కొంగగారి కమిటీ వస్తోంది, శిక్షణ ఎంతవరకూ వచ్చిందో చూడ్డానికి. జైలు మొత్తం మీద పని నేర్చుకున్నది నువ్వొక్కడివే. నువ్వు బయటికెళితే మన ప్రగతి బయటికెళ్ళినట్టే కదయ్యా."

"నా శిక్ష అయిపోయిందండీ."

"శిక్ష అయింది. శిక్షణ కాలేదు."

కొంగగారు వచ్చి, ఒంటికాలి మీద నిలబడి వీరాస్వామి తట్టను చూసి మెచ్చుకుంది. నిధులు రెట్టింపు చేయించింది. వచ్చే ఏడు ఇంతకన్నా ఎక్కువ ప్రగతి చూపించమని చెప్పి వెళ్ళింది. దాంతో వీరాస్వామి వచ్చే ఏడుదాకా ఉండిపోవాల్సొచ్చింది.

ఈలోగా నాంచారమ్మ వచ్చి, పిల్లలకి ముళ్ళు గట్టిపడ్డాయనీ, మా నాన్న ఎలా ఉంటాడని అడుగుతున్నారనీ చెప్పి ఏడ్చింది. వీరాస్వామి ఆ రోజు తిండి ముట్టలేదు.

మళ్ళీ కమిటీ వచ్చింది. వీరాస్వామి తట్ట తెచ్చి ముందు పెట్టాడు. కొంగగారు లోపలికి చూద్దామని తల దూరిస్తే అటువైపు నేల తగిలింది.

"దీనికి అడుగేది?"

"అడుగు వెయ్యడం నాకు రాదండీ. మాస్టారు ఎంత నేర్పినా రావడంలేదు."

భీమారావు అడ్డొచ్చాడు. వీడికి వచ్చనీ, పోయినేడు తమరే మెచ్చుకున్నారనీ మొత్తుకున్నాడు. కొంగగారు వినలేదు. వచ్చిన పని కూడా పోయిందంటే ఇలాంటివాడిమీద నిధులు దండగని, శిక్షణకి పనికిరాడు గనక ఆ పూటే బయటికి గెంటెయ్యమని తేల్చేసింది.

అది విని తోడేళ్ళు, తమకి మొదటినుంచీ రాదని మనవి చేసుకున్నాయి. ఏనుగు తన చాప తెచ్చి చూపించింది. కొంగగారు పక్షపాతం తెలియని మనిషి. అందర్నీ బయటికి పంపించేసింది.

ఇంటికెళితే పిల్లలు ఎవరో దొంగనుకుని వీరాస్వామి మీద ముళ్ళు నిక్కబొడిచారు. వాళ్ళు పక్కన పడుకోనిచ్చేసరికి నెలలు గడిచి వానలు మొదలయ్యాయి. అతను మాత్రం ఆ ముళ్ళు చూసి మురిసిపోయాడు.

సంతలో అతని తట్టలకి మంచి పేరొచ్చింది. అందరికన్నా ఎక్కువగా కొనేది జైలే. కమిటీ వచ్చేముందు భీమారావు వచ్చి, ఉన్నవన్నీ కొనుక్కెళ్ళి, ఖైదీలు లేని శిక్షణ కేంద్రంలో వరసగా పేరుస్తాడు. కొంగగారు చూసి, ఖైదీల ప్రగతి అమోఘమంటూ నిధులు పెంచి వెళుతుంది.

నీతి: చేతిపని కూడు పెడుతుంది, అది మనకి వచ్చని పైవాళ్ళకి తెలియనంతవరకూ.