రసవాది మద్దయ్య బియ్యం కార్డు

తుంగభద్ర పొంగి కర్నూలు మునిగిన పదిహేనో ఏట, మనిషన్న ప్రతివాడూ ఒక ఫారం గళ్లలో ఇమడాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఇమడనివాడికి బియ్యం లేవు.

పత్తికొండ దగ్గరి పల్లెలో చీరలు నేసే మద్దయ్య ఆ ఫారం ఒద్దికగా నింపాడు. గళ్లు ఆయనకు కొత్త కాదు. ప్రతి ఆదివారం పత్రికలో వచ్చే పదాల గళ్లు నింపి పంపుతాడు. ఆ వారం 'ఇనుమును బంగారం చేసేవాడు' అన్నదానికి 'రసవాది' అని రాసి కాస్త గర్వపడ్డాడు కూడా. రెండు కాగితాలూ పత్తికొండలో ఇవ్వాల్సినవే. బస్సులో ఎగిరిపోకుండా నూలుకు పట్టించే గంజితో వాటిని వీపులు కలిపి అంటించాడు. నేతగాడి గంజి ఆరితే విడదీయడం ఎవరి తరమూ కాదు. కార్యాలయం కిటికీ దగ్గర లాగి చూసి, ఊడక, రెండూ కలిపే ఇచ్చేశాడు.

వృత్తి నిర్ధారణ కార్యాలయం (ఎవరేం పని చేస్తున్నారో వాళ్లకే తెలియజేసే విభాగం) యంత్రం పదాల గళ్ల వైపు చదువుకుంది. ఆ ప్రకారం మద్దయ్య నివాసం పాతాళం, వృత్తి రసవాది. పాతాళం మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. బంగారం చేసేవాడికి బియ్యమెందుకని కార్డు మాత్రం ఆగింది.

"డబ్బాలో గింజ లేదు. చేసేదుంటే రోంత బంగారం చెయ్యరాదా, నా చెవులు బోడిగా ఉండాయి," అంది భార్య పెద్దక్క.

మద్దయ్య చెప్పులు వేసుకుని మళ్లీ పత్తికొండ వెళ్లాడు.

అధికారి ఉమామహేశ్ నిబంధన చదివి వినిపించాడు. రసవాది కానని చెప్పుకునేవారు అధికారుల సమక్షంలో బంగారం చేయలేకపోవాలి. మద్దయ్య చేతిలో తుప్పుపట్టిన మేకు పెట్టి మూడు గంటలు చూశారు. (భోజన విరామంలో మేకును బీరువాలో పెట్టి తాళం వేశారు.) మేకు మేకుగానే ఉంది.

"ఇంక కార్డిస్తారా సార్?"

"ఏమప్పా, నువ్వు చెయ్యలేకపోయినావా, కావాలనే చెయ్యలేదా? మాకెట్ల తెలుస్తాది?"

"నాకు మగ్గం ఒకటే వచ్చు సార్."

"అయితే బంగారం పని మానేసినానని రాసియ్యి. మానేసి ఏం చేస్తావు?"

"చీరలు నేస్తా."

ఉమామహేశ్ కలం మూసేశాడు. "బంగారం ఇడిసిపెట్టి చీరలు నేసేటోడు యాడన్నా ఉంటాడా? పైన నమ్మరు."

పక్క కుర్చీలో గుమాస్తా శివజ్యోతి ఉంది. ఆమె కూడా మగ్గమున్న ఇంటి బిడ్డే. "నమ్మరు పెద్దనాయనా," అంది మెల్లగా.

మరుసటి పొద్దున మద్దయ్య అదే కిటికీ దగ్గర నిలబడి, బంగారం చేసే పని ఈ ఏడు గిట్టలేదని, సాయంగా బియ్యం ఇప్పించమని అర్జీ ఇచ్చాడు. రసవాదుల వరసలో ఆయన ముందు ఎవరూ లేరు కాబట్టి మధ్యాహ్నానికే మంజూరైంది. మగ్గం గిట్టలేదని పదేళ్లుగా ఆయన ఇచ్చిన అర్జీలు ఇంకా పరిశీలనలో ఉన్నాయి.