చనిపోయాక తాగిన టీ

ఆ పొద్దున అనుకున్న పని చిన్నదే. మధ్యాహ్నంలోగా ఆసుపత్రి కాగితాలు చదవాలి, సాయంత్రంలోగా కోర్టులో ఫిర్యాదు వేయాలి. గడువుకు అదే ఆఖరి రోజు.

చిన్న లాయరమ్మ బల్ల మీద ఆరువందల పన్నెండు పేజీల కట్ట, అవతలి కుర్చీలో దర్జీ భార్య. హెర్నియా ఆపరేషన్‌కు తన కాళ్ళతో నడిచి వెళ్ళిన దర్జీ మర్నాడు మధ్యాహ్నం మూడుంబావుకు పోయాడు. నాలుగుసార్లు పిలిచినా డాక్టరు రాలేదని ఆవిడ మాట. అయిదున్నరకు డాక్టరు వచ్చి చూశాకే పోయాడని ఆసుపత్రి మాట. మరణ పత్రంలో గంట దగ్గర అంకెలు దిద్ది ఉన్నాయి.

"ఆయన ఊపిరాడక కొట్టుకుంటుంటే ఆ డాక్టరు ఎక్కడున్నాడో అడగండమ్మా, చాలు," అని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

ఆఫీసులో కొత్తగా పెట్టిన ఏఐ, ఆవిడ వాంగ్మూలంతో సహా ఆ కట్టనంతా నాలుగు నిమిషాల్లో చదివేసింది. మూడుంబావుకు మరణం. నాలుగింటికి జ్వరం లేదు. అయిదింటికి టీ తాగాడు. ఆరింటికి వరండాలో రెండుసార్లు నడిచాడు.

ఆఫీసు పెద్ద, ఆమె సీనియరు లాయరు కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "చచ్చినవాడు టీ తాగి షికారుకెళ్ళాడా? నీ మేధావికి మతి పోయినట్టుంది. గడ్డి పెట్టు."

ఆమె ఆ ముక్కే మర్యాదగా టైపు చేసింది. మీరు చెప్పింది నిజం, క్షమించండి, అంది ఏఐ. మరుక్షణం మరణాన్ని ఆరున్నరకు జరిపేసింది. ఇప్పుడు టీకీ నడకకూ ఏ అడ్డూ లేదు.

"చూశావా? తిడితే గానీ దారికి రాదు," అని సీనియరు సంతకం గీకేశాడు. చదివే అలవాటును సంతకం చేసే అలవాటు మింగేసి చాలా ఏళ్ళయింది. ఫిర్యాదు వెళ్ళిపోయింది.

మర్నాడు ఆమె ఆ పేజీలను తానే తీసి చూసింది. టీ, నడక, డాక్టరు రాక, అన్నీ ఒకే చేతిరాత, ఒకే సిరా, ఒకే వాలు. రెండింటికి డ్యూటీ ఎక్కగానే నర్సు సాయంత్రం ఆరింటి దాకా గడులన్నీ నింపేసినట్టుంది. యంత్రం మొదట ఉన్నదున్నట్టే చెప్పింది. తామే దాన్ని తిట్టి అబద్ధం నేర్పారు.

"సార్, కొంప మునిగింది."

"మునగలేదు. సవరణ లేఖ రాయించు. మర్యాదగా ఉండాలి."

మర్యాదకు ఏఐ దగ్గర కొదవేముంది. గౌరవనీయ డాక్టరుగారికి కలిగిన మనస్తాపానికి చింతిస్తున్నామని ఒక పేజీ నిండా రాసింది. గంట సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. సీనియరు కారెక్కుతూ దాని మీదా సంతకం పెట్టాడు. ఆమెకు అది తెలిసేసరికి లేఖ ఆసుపత్రికి చేరిపోయింది.

తలవంచుకుని ఆమె దర్జీ భార్యకు జరిగిందంతా చెప్పింది.

"పోన్లేమ్మా. కాగితాల్లోనైనా ఇంకో మూడు గంటలు బతికాడు."

తిట్టి ఉంటే బాగుండేదని చిన్న లాయరమ్మకు అనిపించింది.

విచారణ రోజున ఆసుపత్రి లాయరు పెళ్ళికొడుకులా వచ్చాడు. "ఆరున్నరని వాళ్ళే రాశారు, క్షమాపణా వాళ్ళే చెప్పారు. ఇదిగో నర్సు రాసింది: అయిదున్నరకు డాక్టరు చూశారు, రోగికి నొప్పి లేదు."

"నర్సు రాసినవన్నీ నిజమేనంటారా?" అడిగారు జడ్జిగారు.

"అక్షరం పొల్లుపోదండి. రాసి కూడా ఇస్తాం." అక్కడే రాసి సంతకం చేసి ఇచ్చాడు.

సీనియరు నేల చూపులు చూస్తున్నాడు. వెనక బెంచీ మీది నుంచి దర్జీ భార్య లేచింది.

"అయ్యా, గెలుపూ ఓటమీ నాకు తెలీదు. ఆయన కళ్ళజోడు ఇంతవరకూ ఇవ్వలేదు. అదొక్కటి ఇప్పించండి." చేతిలోని చీటీ ముందుకు చాపింది.

శవాన్ని శవాల గదిలోకి తీసుకున్నప్పుడు ఇచ్చిన రసీదది. చెప్పులు ఒక జత, కళ్ళజోడు ఒకటి, శవం ఒకటి. కింద ఆసుపత్రి ముద్ర, గంట: నాలుగూ ఇరవై.

"ఇది ముందే ఎందుకివ్వలేదు పెద్దమ్మా?" గొణిగాడు సీనియరు.

"ఆసుపత్రి కాగితాలు తెమ్మన్నారు, తెచ్చాను. ఇది చెప్పుల కాగితం కదా."

జడ్జిగారు ఆ చీటీని రెండుసార్లు చదివి, ఇందాక రాసిచ్చిన కాగితం పక్కన పెట్టారు. డాక్టరు స్వయంగా వచ్చి, నాలుగుసార్లు పిలిచినప్పుడు ఎక్కడున్నాడో, అయిదున్నరకు చూసిందెవరినో చెప్పాలని ఆదేశించారు. ఆసుపత్రి లాయరు తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు.

అయిదున్నరకు దర్జీకి నొప్పి లేదన్న ఒక్క మాటను మాత్రం ఆ తరువాత ఎవరూ కాదనలేదు.