చప్పట్లు కొడితే ఎగ్జిటే

సౌదీలోని జుబైల్‌లో ఆ శుక్రవారం పొద్దున లేబర్ క్యాంప్ బాస్ అల్లాబకాష్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కంపెనీ పండగకు కఫీల్, అంటే పనివాళ్ళ వీసాలకు పూచీపడ్డ యజమాని, యూరప్ నుంచి ఆర్కెస్ట్రాను రప్పించాడు. విదేశీయుల తలకింతని సర్కారు వసూలు చేసే లెవీ కట్టడానికి డబ్బుల్లేవన్న కంపెనీయే! ఆ లెవీల దెబ్బకు సగం ఆఫీసు స్టాఫ్ పెళ్ళాం బిడ్డలతో విమానమెక్కేశారు. ఖాళీ కుర్చీలు కఫీల్ కంట పడకూడదు. కాబట్టి క్రేన్ల దగ్గర సైగల మీద లోడు లేపే, దించే రిగ్గర్లకు కొత్త చొక్కాలు తొడిగి కూర్చోబెట్టాలి. అంతే.

"ఇనుకోండప్పా! మ్యూజిక్కు అయిపొయ్యేదాకా చేతులు తొడల మీదే ఉండాల. మధ్యలో ఎవుడన్నా చప్పట్లు కొట్టినాడో, ఎగ్జిటే, ఊరికి పంపిచ్చేస్తారు!" అన్నాడు కడప అల్లాబకాష్.

అందరికన్నా పీరయ్యకు భయం ఎక్కువ. జగిత్యాల మనిషి. సౌదీలో ఉండేందుకిచ్చే ఇకామా కార్డు ఈ నెలతో సరి. ముందు సౌదీవాళ్ళకే ఉద్యోగాలనే నితాఖత్ రూలు వచ్చాక ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో కఫీల్ ఇష్టం. ఊళ్ళో ఇంటికి ఇంకా స్లాబు పడలేదు.

"నేనైతే ఊపిరి గూడ తియ్య సార్" అన్నాడు.

కచేరీ చివర్లో ఆర్కెస్ట్రా వాళ్ళు ఒక మార్చ్, అంటే కవాతు బాణీ, ఎత్తుకున్నారు. ముందు డ్రమ్ము చిటపటలాడింది. అంతలో బాకాలూ వయొలిన్లూ ఒక్కసారి ఎగసి, పటాలం పటాలమే గుర్రాలెక్కి హాల్లోకి వచ్చినట్టయింది. అబ్బ, ఏం సంగీతమది! పీరయ్య ఒళ్ళు జలదరించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊరి భజనల్లో చిరతలు పట్టిన చేతులు తొడల మీద ఎంతసేపుంటాయి? దరువుకు తగ్గట్టు కొట్టేశాయి.

అల్లాబకాష్ అది చూశాడు. వేదిక పక్క నుంచి ఆపమన్నట్టు రెండు చేతులూ ఎత్తి ఊపాడు. రిగ్గర్లకు మాటకన్నా సైగే హుకుం. చేతులు పైకి లేచాయంటే లోడు లేపమనే.

"సార్ లేపమంటుండురా!" అన్నాడు పక్కనున్న నర్సింలు.

వరసలన్నీ చప్పట్లు దంచాయి. అల్లాబకాష్ హడలిపోయి అరచేతులు కిందికి నొక్కాడు. లోడు దించమని కదా, చప్పట్లు మెత్తబడ్డాయి. సరిగ్గా అప్పుడే వయొలిన్లూ సన్నబడ్డాయి. ఆయన ఒళ్ళు మండి మళ్ళీ చేతులెత్తేసరికి బాకాలూ చప్పట్లూ కలిసి కప్పు లేపేశాయి.

మార్చ్ ఆగింది. కఫీల్ లేచి నేరుగా వచ్చాడు. "ఎవరు మొదలుపెట్టింది?" అని హిందీలో అడిగాడు.

"ఈ పీరయ్య, సార్! నాకేం సంబంధం లేదు, ఖుదా కసమ్!" అంటూ అల్లాబకాష్ పీరయ్యను ముందుకు తోశాడు. స్లాబు సంగతి ఇక మరిచిపోవలసిందే అనుకున్నాడు పీరయ్య.

ఇంతలో ఆర్కెస్ట్రాను నడిపించిన కండక్టర్ వేదిక దిగి వచ్చి పీరయ్య చెయ్యి పట్టుకున్నాడు. "ఇది ఆస్ట్రియాలో ఒక ముసలి సేనాపతి గెలిచినందుకు కట్టిన మార్చ్. మొదటిసారి విన్న సైనికాధికారులే ఆగలేక చప్పట్లు కొట్టారంటారు. అప్పట్నుంచీ దీనికి కొట్టాల్సిందే. ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా అన్నది మేమే జనానికి సైగ చేస్తాం. వీళ్ళకు ఎవరు నేర్పారు?" అన్నాడు కఫీల్‌తో.

కఫీల్ ముఖం వెలిగిపోయింది. "ఇతని ఇకామా రెన్యువల్ చేయించండి. లెవీ నేను కడతా" అన్నాడు.

పీరయ్య ఏడ్చేశాడు. "అల్లాబకాష్ సార్ సైగ జెయ్యకుంటే మాకేం ఎరుక సార్? సార్‌కు గూడ ఏమన్న ఇయ్యుండ్రి."

"ఆయనకేం సంబంధం లేదని ఒట్టేశాడు కదా" అన్నాడు కఫీల్.