అడవిలో నడక శాఖ

ఒక పెద్ద అడవిలో మృగరాజుకు ఆయాసం పట్టుకుంది.

రాజుగారి పేరు వీరకంఠుడు. ఆయన వేట మానేసి చాలాకాలమైంది. భోజనం గుహ దగ్గరికే వచ్చేస్తుంది. ఒకరోజు కొండరాయి ఎక్కి గర్జిద్దామనుకున్నాడు. తీరా ఎక్కాక గర్జనకు బదులు దగ్గొచ్చింది. కింద మేస్తున్న కుందేళ్లు పారిపోవాల్సింది పోయి, "మంచినీళ్లు తెమ్మంటారా ప్రభూ?" అని అడిగాయి.

రాజుకు తల కొట్టేసినట్టయింది. వైద్యురాలు టకటకమ్మకు కబురు పంపాడు. ఆవిడ వడ్రంగిపిట్ట. రాజు ఛాతీ మీద ముక్కుతో టకటకా కొట్టి, చెవి ఆనించి విన్నది.

"జబ్బేమీ లేదు ప్రభూ. కదలకపోవడమే. రోజూ వాగు దాకా నడిచి రండి."

"ఈ వయసులోనా?"

"ఏ వయసులోనైనా! పిల్లలు గెంతాలి, పడుచువాళ్లు పరుగెత్తాలి, ముసలివాళ్లు ఓపికున్నంత నడవాలి. మన ఏనుగు ఐరావమ్మ లేదూ? మోకాళ్లు పట్టేశాయని నా దగ్గరికి ఏడుస్తూ వచ్చింది. పొద్దున్నే వాగుకు నడవమన్నాను. ఇప్పుడు ఎవరి సాయం లేకుండా లేస్తోంది."

ఆవిడ ఎగిరిపోయాక రాజు తన మంత్రి నక్క చతురయ్య వైపు తిరిగాడు. "నేనొక్కణ్ణే నడిస్తే రాజుకేదో రోగం అనుకుంటారయ్యా."

"అడవంతా నడవాలని ఆజ్ఞ జారీ చేద్దాం ప్రభూ. అప్పుడు మీరు నడిచినా ఆదర్శం అంటారు. అసలు ఆజ్ఞ ఇచ్చాక మీరు నడవాల్సిన పనే ఉండదు."

రాజుకు ఆ చివరి మాట బాగా నచ్చింది.

వారం తిరక్కుండా నడక శాఖ పుట్టింది. అడవిలో అందరికంటే స్థిరంగా కూర్చోగలడని ఎలుగుబంటి భల్లయ్యను అధికారిని చేశారు. ముళ్లపంది ముళ్లప్ప గుమాస్తా. నడుస్తూ నడుస్తూ ఎవరైనా పడిపోతే బాధ్యత ఎవరిదని చతురయ్య ఆలోచించి, నడక పత్రం లేనిదే ఎవరూ నడవకూడదని నియమం రాశాడు. పత్రం ఏ రోజుకారోజే తీసుకోవాలి.

తెల్లారేసరికి శాఖ ముందు బారులు తీరేవాళ్లు. కూర్చుని కూర్చుని పత్రం చేతికొచ్చేసరికి పొద్దు గూకేది. ఇంకేం నడుస్తారు? ఇంటికెళ్లి పడుకునేవాళ్లు. జింకపిల్లలు విసుగెత్తి గెంతితే ముళ్లప్ప కళ్లెర్రజేసేవాడు. "గెంతడానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. కూర్చోండి!" ఇచ్చిన ప్రతి పత్రాన్నీ ఒక నడక కింద పుస్తకంలో రాసుకునేవాడు. ఆ పుస్తకం చూసి అడవిలో నూటికి నూరుమందీ నడుస్తున్నారని చతురయ్య రాజుకు విన్నవించేవాడు.

ఐరావమ్మ వంతు మూడోరోజుకు వచ్చింది.

"వయసు?" అడిగాడు ముళ్లప్ప.

"డెబ్భై ఉంటాయి నాయనా."

"ఉంటాయంటే కుదరదు. మీ పుట్టుక చూసినవాళ్లని తీసుకురండి."

"వాళ్లెవరూ బతికి లేరు కదా!"

"అయితే వాళ్లు పోయినట్టు రుజువు తెండి. ముసలివాళ్ల విషయంలో మేం చాలా జాగ్రత్తగా ఉంటాం అవ్వా. మీ ఆరోగ్యం కోసమే."

పాపం, ఐరావమ్మకు నియమాలంటే భయం. వాగుకు వెళ్లడం మానేసి రోజూ వచ్చి వరసలో కూర్చునేది. పది రోజులు గడిచాయి. పదకొండో రోజు మధ్యాహ్నం లేవబోయింది. మోకాళ్లు కదల్లేదు. మళ్లీ ప్రయత్నించింది. పక్కకు ఒరిగిపోయింది.

టకటకమ్మ రివ్వున వచ్చి వాలింది. "ఏనుగు ఇలా పడి ఉంటే సొంత బరువే ఊపిరి తీసేస్తుంది. లేపండి, తొందరగా!"

"ఆఫీసు వేళల్లో మేం కూర్చున్నచోటు వదలకూడదమ్మా," అన్నాడు భల్లయ్య.

ఐరావమ్మ మెల్లగా తల తిప్పి అతణ్ణి చూసింది. "ఒరేయ్ భల్లిగా, చిన్నప్పుడు తేనెపట్టు అందకపోతే నా వీపెక్కేవాడివి. దింపమంటే దిగేవాడివి కాదు. నిన్ను చూస్తే ఇప్పుడు నాకే జాలేస్తోందిరా. నాకు లేవడం రావట్లేదు. నీకూ అంతేనా?"

భల్లయ్య మొహం ఎర్రబడింది. రెండు చేతులూ నేలకు ఆనించి లేచాడు. మోకాళ్లు పటపటమన్నాయి. వెళ్లి ఆమె వీపుకు భుజం ఆనించి తోశాడు. అది చూసి అడవిపందులు లేచాయి, దున్నలు లేచాయి, జింకపిల్లలతో సహా వరసంతా లేచింది. ముళ్లప్ప కూడా పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వు మాత్రం దూరంగా ఉండు నాయనా," అంది ఐరావమ్మ.

ఒగర్చారు, జారారు, మళ్లీ తోశారు. చివరికి అవ్వ కాళ్ల మీద నిలబడింది. అందరి గుండెలూ కుదుటపడ్డాయి.

"ఆగకండి. ఇప్పుడే నడిపించకపోతే మళ్లీ పట్టేస్తాయి," అంది టకటకమ్మ. భల్లయ్య ఒకపక్క, దున్న ఒకపక్క ఆసరాగా నిలిచారు. అడవంతా వెంట నడిచింది. పత్రం సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. వాగు దగ్గర భల్లయ్యకు చాలా ఏళ్ల తర్వాత ఆకలేసింది. అన్నాళ్లూ తినేవాడు గానీ, ఆకలేసి కాదు.

మర్నాటి నుంచి ఎవరూ శాఖకు రాలేదు. తిన్నగా వాగుకే పోయారు. అధికారితో సహా.

చతురయ్య పుస్తకం తెరిచి, గుండె బాదుకుంటూ రాజు దగ్గరికి పరుగెత్తాడు. "ప్రభూ, అడవిలో నడక పూర్తిగా ఆగిపోయింది! వారం నుంచి ఒక్క నడకా లేదు!"

రాజు చతురయ్యను వెంటబెట్టుకుని స్వయంగా బయల్దేరాడు. శాఖలో ఈగ కూడా లేదు. అడుగుజాడలు పట్టుకుని, నాలుగుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకుని, వాగు చేరాడు. ఐరావమ్మ నీళ్లు చిమ్ముతోంది. జింకపిల్లలు గెంతుతున్నాయి. భల్లయ్య చెట్టెక్కుతున్నాడు.

"వీళ్లంతా ఇక్కడికెలా వచ్చారు?"

"నడిచే ప్రభూ. కానీ లెక్కలోకి రాదు. పుస్తకంలో లేదు."

"నేనెలా వచ్చాను?"

"తమరూ నడిచే..." అంటూ చతురయ్య నాలుక కరుచుకున్నాడు. రాజు దగ్గరా పత్రం లేదు.

వీరకంఠుడు శాఖను రద్దు చేయలేదు. తన ఆజ్ఞతో పెట్టిన శాఖను ఏ రాజు రద్దు చేస్తాడు? ఖాళీ అయిన అధికారి పదవిని చతురయ్యకిచ్చి, వేళ ముగిసేదాకా కదలొద్దని ఆజ్ఞాపించాడు. ఆరు నెలల్లో చతురయ్య ఎంత లావెక్కాడంటే, నక్క అని పరిచయం చేయాల్సి వస్తోంది.

నీతి: నడవడానికి కాళ్లుంటే చాలు, నడిచినట్టు రుజువు కావాలంటేనే రోజంతా కూర్చోవాలి.