పర్లేదుగారి కుర్చీ

ఇంగ్లీషులో మాటలు బోలెడున్నాయంటారు గానీ, మనకి అక్కరకొచ్చింది ఒక్కటే. అడ్జస్ట్. ఆ ఒక్క మాట అనడం వస్తే బతికేయొచ్చు. ఎదటివాడికి వినడం వస్తే ఇంకా సుఖంగా బతకొచ్చు.

నీళ్ళ పన్ను ఆఫీసులో ఒక గుమాస్తా ఉండేవాడు. ఎవరేమన్నా "పర్లేదండి" అనేవాడు, అందుకని అందరూ పర్లేదుగారనే పిలిచేవాళ్ళు. అడ్జస్ట్ అన్న మాటకున్న అర్థాలన్నీ ఆయన ఒంటిమీదే తేలాయి. పెద్దగుమాస్తా అడ్జస్ట్ అవ్వమంటే, నా పనీ నువ్వే చెయ్యమని. మేనేజరు అంటే, కిటికీ పక్క బల్ల మా తోడల్లుడికిచ్చి నువ్వు బీరువా వెనక్కి పొమ్మని. బావమరిది అంటే, నాలుగు రోజులుండి పోదామనొచ్చాను, నీ మంచం మీద ఇప్పట్లో ఆశ పెట్టుకోకని. బస్సులో ఎవడైనా అంటే, నువ్వు లే అని. అర్థం ఎన్ని రకాలైనా లేచేది ఆయనే.

రిటైరయ్యే రోజు సభ పెట్టారు. పొద్దున్నే భార్య ఆయన చొక్కా గుండీలు పెడుతూ చెప్పింది.

"ఇవాళ సభ మీది. ముందే వెళ్ళి కుర్చీలో కూర్చోండి. ఎవడడిగినా లేవకండి. లేచారో, నేను అట్నించటే మా అక్కింటికి పోతా."

"పర్లేదులేవే."

"ఆ మాటే వద్దంటున్నా."

పర్లేదుగారు వేదికెక్కి చివరి కుర్చీలో కూర్చున్నాడు. మిగతావి నిండిపోయాక మేనేజరుగారి మేనమామ వచ్చాడు. ఎవరూ పిలవలేదు, అయినా పెద్దమనిషి. "కొంచెం అడ్జస్ట్..." అన్నాడు. పర్లేదుగారి మోకాళ్ళు వాటంతటవే సగం లేచాయి. తలుపు దగ్గర్నించి భార్య చూపు తగిలి మళ్ళీ కూలబడ్డాయి.

"లేదండి," అన్నాడు.

హాలంతా ఉలిక్కిపడింది. "బంగారంలాంటి మనిషి, ఆఖరి రోజున పాడైపోయాడు," అని పెద్దగుమాస్తా జాలిపడ్డాడు.

తర్వాత ఉపన్యాసానికి పిలిచిన భాషాపండితుడు లేచాడు. "సభాసదులారా, అడ్జస్ట్ అనే పదం న్యాయం అనే అర్థమున్న మాటలోంచి పుట్టిందని చాలామంది పొరబడతారు. కాదు. లాటిన్‌లో 'పక్కన' అనే మాటలోంచి పుట్టింది. న్యాయంతో దానికి పుట్టుకలో ఏ సంబంధమూ లేదని సవినయంగా మనవి చేస్తున్నాను."

అందరి మనసులూ తేలికపడ్డాయి. చాలాసేపు చప్పట్లు కొట్టారు.

చివరికి పర్లేదుగారి వంతు. కుర్చీలో కూర్చున్న ఊపుమీదున్నాడేమో, మైకు దగ్గరికి చకచకా నడిచాడు. "నేను ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చానంటే మా ఆవిడ చలవే," అని చూపించబోతే, ఆవిడ ఇంకా తలుపు దగ్గర గోడకానుకుని నిలబడే ఉంది. ఆవిడకని కింద వేసిన కుర్చీలో మేనేజరుగారి సంచీ పెట్టారు.

పర్లేదుగారు ప్రేమగా చెయ్యూపి మైకులోనే అన్నాడు. "ఇంకాసేపేనే, కొంచెం అడ్జస్ట్ అవ్వు."

ఆదర్శ దంపతులని సభ మెచ్చుకుంది.

ఆవిడ చెప్పులు టపటపలాడిస్తూ హాలు మధ్యలోంచి నడిచొచ్చి, మెట్లెక్కి, ఆయన వదిలిన కుర్చీలో కూర్చుని చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది. ఆయన తిరిగొచ్చి కుర్చీ వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు.

"పక్కన నిలబడండి," అంది. "పండితులుగారు చెప్పలా, ఆ మాటకి అసలర్థం అదేనట."

"పర్లేదే," అని పక్కన నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆ మాట సరైన చోట పడింది అప్పుడే.

ఆడమనిషికి మరీ అంత పట్టుదల పనికిరాదని హాల్లో చాలామంది అన్నారు. అన్నవాళ్ళంతా కూర్చునే అన్నారు.