నక్షత్రాల సహజమైన రంగు

ఆదివారం పొద్దున హేమసుందర్ వేసుకున్న ప్లాను చిన్నదే. స్నానం చేయాలి, స్టూడియోకు వెళ్లి, అచ్చువేసి పటం కట్టమని ఇచ్చిన నక్షత్రాల ఫోటో తెచ్చుకోవాలి, సాయంత్రం నోయిడా సొసైటీ హాల్లో జరిగే ఫోటోల పోటీలో కింది ఫ్లాటు పార్థసారథి రోగం కుదర్చాలి. పార్థసారథి నిరుడు ఊదారంగు ఆకాశం పెట్టి కప్పు కొట్టేశాడు. "అది ఫోటోనా? అద్దకం చీర!" అని లిఫ్టులో అందరి ముందూ అనేశాడు హేమసుందర్. ఇప్పుడు ఓడిపోతే ఆ లిఫ్టెక్కే మొహం ఉండదు.

"ఎక్కువసేపు తీస్తే నక్షత్రాలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడతాయమ్మా. నేను కొంచెం కొంచెంగా తీశాను. చూడు, కృత్తికలు నీలం, రోహిణి నారింజ. దేవుడిచ్చిన రంగు ఇసుమంతైనా చెదర్లేదు!" అని తల్లి హనుమాయమ్మకు రోజూ చెప్పేవాడు. కొండలెక్కి, చలికి ముక్కు కారుతుంటే తీసిన ఫోటో మరి. ఆ శ్రద్ధలో సగం కూరలు ఏరడంలో పెడితే ఇంట్లో పుచ్చు వంకాయలు తినే గతి పట్టేది కాదు కదా అనుకునేది ఆవిడ.

అతను బాత్‌రూంలో ఉండగా ఫోను మోగింది. స్టూడియోవాడు.

"ఆంటీజీ, ఫోటో మే బహుత్ దాగ్ హై. లాల్, నీలా, పీలా. సాఫ్ కర్ దూఁ?"

హనుమాయమ్మ హిందీ అంతా పనిమనిషి దగ్గర నేర్చుకున్నది. దాగ్ అంటే మరక, సాఫ్ అంటే తుడవడం. ఫోటో మీద ఎర్రదీ నీలందీ ఏదో ఒలకబోసుకున్నాడు కాబోలు వెధవ, అనుకుంది.

"హాఁ హాఁ, అచ్ఛాగా సాఫ్ కరో భయ్యా! ఏక్ భీ నహీ రహనా!" ఒక్క మరకా మిగలకూడదని గట్టిగా చెప్పింది.

"ఎవరమ్మా?" అంటూ తల తుడుచుకుంటూ వచ్చాడు హేమసుందర్.

"స్టూడియోవాడు. శుభ్రంగా తుడిచి ఇస్తాట్ట."

"చూశావా? పనంటే అదీ!"

సాయంత్రం హాల్లో గోడకు తగిలించాక గానీ పటం మీది కాగితం విప్పలేదు. లోపల కటిక నలుపు. అద్దంలో హేమసుందర్ మొహం తప్ప ఇంకేమీ లేదు. కింద అతనే రాసిన అట్ట: "సహజమైన రంగుల్లో మన ఆకాశం."

"ఏం బ్రదర్, కెమెరా మూత తియ్యడం మరిచిపోయారా?" అన్నాడు పార్థసారథి, హాలంతా వినబడేలా.

"అమ్మా, నక్షత్రాలేవే?" గొణిగాడు హేమసుందర్.

"మరకలన్నాడురా… ఎరుపూ నీలమూ అని…" ఆవిడ నోరు నొక్కుకుంది.

"రోహిణి కూడానా?"

"నా జన్మనక్షత్రం కదరా! ముందు అదే పోయుంటుంది."

పటం దించేలోపే, బహుమతులివ్వడానికి పిలిచిన రిటైర్డ్ కల్నల్ గారు వచ్చేశారు. పార్థసారథి ఊదారంగు చూసి మొహం చిట్లించారు. నల్లటి పటం ముందు ఆగి, అట్ట చదివి, రెండడుగులు వెనక్కి వేసి మళ్లీ చూశారు.

"వాహ్! ఈ పొగలో, ఈ దుమ్ములో తలెత్తితే మనకు కనిపించేది ఇదే. నిజం చూపించే ధైర్యం ఒక్కరికైనా ఉంది!"

హేమసుందర్ అసలు సంగతి చెబుదామని నోరు తెరిచాడు. ఎదురుగా పార్థసారథి మొహం మాడిపోయి కనిపించింది.

"ఉన్నది ఉన్నట్టే తీశాను సార్," అన్నాడు.

మర్నాడు హనుమాయమ్మ ఆ నల్ల పటానికి వచ్చిన కప్పును అచ్ఛాగా సాఫ్ చేసింది. బంగారు రంగంతా గుడ్డకు వచ్చేసింది.