పైడితల్లి ఇంట్లో పడిన మేస్టారు

ఎం.ఏ. ఆన్‌లైన్ క్లాసులో పైడితల్లి కెమెరా పెట్టగానే, అధ్యాపకుడు డాక్టర్ భాస్కరానందం విశాఖపట్నంలోని తన కుర్చీలోంచి జారి, చీపురుపల్లి అవతల ఉన్న ఆమె ఇంట్లో పడ్డారు. యూనివర్సిటీ దీన్ని సాంకేతిక అంతరాయాల కింద నమోదు చేసుకుంది.

కెమెరా పెట్టకపోతే హాజరు వెయ్యనని పట్టుబట్టింది ఆయనే. క్లాసు మాత్రం ఆగలేదు. నిరుడు ఆయన రికార్డు చేసిపెట్టిన పాఠమే నడుస్తోంది కనుక, ఆయన లేని లోటు ఎవరికీ తెలియలేదు. పాఠం పేరు 'ఆదరణతో డిజిటల్ బోధన'.

పైడితల్లి తల్లి నరసమ్మ కుట్టుమిషను ఆపి చూసింది.

"ఎవులే పైడీ, ఈ బాబు?"

"మా మేస్టారమ్మా. ఫోన్లోంచి వచ్చీసినారు."

"అలగ నిలబడిపోనారేటి, కూకోండి బాబూ," అంటూ నరసమ్మ బట్టల మూట పక్కకి జరిపింది.

ఆయన పైడితల్లి ఫోనులోంచే శాఖాధిపతితో మాట్లాడారు. శాఖాధిపతి నిబంధన చదివి వినిపించారు: తెర దాటిన వ్యక్తి, పడిన చోటే పాఠం చివరిదాకా విని హాజరు నొక్కితే వెనక్కి వస్తాడు.

"మరి ఈ అమ్మాయి హాజరో?"

"ఒక ఫోనుకి ఒకటే హాజరండీ. ఆ నిబంధన పెట్టిన కమిటీకి అధ్యక్షులు మీరే కదా."

సిగ్నలు గుమ్మం దగ్గర మాత్రమే అందుతుంది కనుక గురుశిష్యులిద్దరూ అక్కడే ఒదిగి కూర్చున్నారు. స్లైడు మీది అక్షరాలు చీమల్లా ఉన్నాయి. రికార్డులోని తన గొంతు ఆయనకే నూతిలోంచి వస్తున్నట్టుంది. 'ప్రతి విద్యార్థి పరిస్థితినీ' అన్న చోట పాఠం ఆగిపోయి, మళ్ళీ మొదటికి వెళ్ళింది. ఆయన కునికిపాట్లు పడ్డారు. పైడితల్లి మెల్లగా తట్టి లేపింది.

"సార్, ఇక్కడ వినండి. పరీక్షలో వస్తాది."

ఈ హాజరు పోతే తనని పరీక్షకి రానివ్వరని కూడా చెప్పింది. ఆయన నిజంగానే కదిలిపోయి, విద్యార్థి సంరక్షణ విభాగానికి సందేశం పంపారు. వెంటనే జవాబొచ్చింది: 'మీ బాధ మా బాధ. మీకు తోడుగా మేమున్నాం.' కింద పువ్వు బొమ్మ. అది కంప్యూటర్ దానంతటదే పంపే జవాబనీ, ఆ వాక్యాలు తానే రాసిచ్చాననీ ఆయనకి గుర్తొచ్చింది. అయినా చదివాక కాస్త ఊరట కలిగినందుకు సిగ్గుపడ్డారు.

పాఠం ముగిసింది. తెర మీద హాజరు బటన్ వెలిగింది.

"నువ్వే నొక్కమ్మా," అన్నారాయన, అంత గట్టిగా కాదు.

"మరి మీరెలగెల్తారు సార్? మాకిది అలవాటే. నొక్కీండి."

ఆయన ఇంకోసారి కాదందామనుకున్నారు. ఈలోగా ఆయన వేలు నొక్కేసింది.

తన కుర్చీలో పడేసరికి బల్ల మీద వదిలిన టీ ఇంకా వేడిగానే ఉంది. హాజరు పట్టీలో పైడితల్లి పేరుకి ఎదురుగా గైర్హాజరు పడి ఉంది. దాన్ని మార్చే అధికారం ఆయనకుంది. కాకపోతే కారణం రాయాలి. ఏం రాయాలో చాలాసేపు ఆలోచించి, పట్టీ మూసేశారు.

నెలాఖరు నివేదికలో 'విద్యార్థుల సహకారం ఎలా ఉంది?' అని అడిగారు. ఆయన ఇసుమంతైనా అబద్ధమాడకుండా 'చాలా బాగుంది' అని రాశారు.